"మరణాంతాని వైరాణి" ఎవరు, ఎవరితో అన్న మాట?

అమలాపురం దగ్గర మా ఊళ్ళో మొన్న బాబాయి పోయారు. ఆయన బోదె (పొలాల మధ్య చిన్న కాలవ) గట్టు జరిపారన్న తగాదాతో నాన్నకీ ఆయనకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. మాటల్లేకపోయినా మైల తప్పదు కదా, నాన్న అంతా పాటించారు. పెద్దకర్మ నాడు పందిట్లో ఓ పెద్దాయన "మరణాంతాని వైరాణి, ఇంక వదిలెయ్యరా" అన్నారు. నాన్న విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు. "వాడి పగ వాడితో పోయింది. నాది ఎవడు పట్టుకుపోతాడు?" అన్నారు ఇంటికొచ్చాక. పూర్తి శ్లోకం ఎవరైనా చెప్తారా?

— వాల్మీకి రామాయణం, యుద్ధకాండండి. రావణుడు పోయాక రాముడు విభీషణుడితో:

మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనమ్
క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ

చావుతో వైరాలు సరి, మన పని అయింది, ఇతనికి సంస్కారం చెయ్యి, నీకెంతో నాకూ అంతే అని.

— అందరూ మొదటి ముక్కే వాడతారు. "మన పని అయింది" అన్నవాడు గెలిచినవాడు, అది గుర్తుపెట్టుకోవాలి. విభీషణుడు మాత్రం మొండికేస్తాడు. అన్న రూపంలో ఉన్న శత్రువు, నేను చెయ్యనంటాడు. రాముడు కోప్పడడు. అవును, అధర్మపరుడే అని ఒప్పుకుంటాడు! ఒప్పుకునే సంస్కారం చెయ్యమంటాడు. మనసులోంచి తీసెయ్యమని ఎక్కడా అనడు. మీ నాన్నగారు మైల పట్టారు, కర్మకి వెళ్ళారు. శ్లోకం అడిగినంతా చేసేశారండి. ఆ పెద్దాయన అడిగింది దాని మీద కొసరు.

— మాది పాలకొల్లు. మావైపు "చచ్చినవాడి కళ్ళు చారెడు" అంటారు, పోయాక అందరూ పొగిడేవాళ్ళే అని. గట్టు జరిపిన సంగతి ఊరందరికీ తెలుసు, పందిట్లో మాత్రం ఒక్కరూ ఎత్తరు. నాకైతే మీ నాన్నగారికి అదే మింగుడుపడి ఉండదనిపిస్తోంది.

— అదేనండి. "దేవుడులాంటి మనిషి" అని ఎవరో అన్నప్పుడే నాన్న మొహం మాడిపోయింది. వేసవిలో కాలవలు కట్టేశాక బోదె పూడిక తీయించాలి. బాబాయి కొడుకు నాన్నని అడగడానికి జంకుతున్నాడు. వెళ్ళి అడగరా, గట్టు మీ నాన్నే జరిపాడని ముందు ఒప్పుకో, శ్లోకం మాత్రం ఎత్తకు అని చెప్పాను.