డ్యూటీలో చేయి తెగితే ఆబ్సెంట్ వేస్తారా? (మున్సిపల్ అవుట్‌సోర్సింగ్)

ప్రశ్న: కార్మికురాలి కూతురు, నెల్లూరు జిల్లా

అందరికీ నమస్కారం. ఊరి పేరు రాయడం లేదు, అమ్మ మళ్ళీ అక్కడే పని చేయాలి కదా. అమ్మ మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. జీతం ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ) ద్వారా పడుతుంది. చీకటితోనే లేచి వెళ్ళి, మస్టర్ పాయింట్ దగ్గర ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయించుకుంటుంది.

మొన్న వానలకు చేపల మార్కెట్ పక్కన సైడు కాలువ పూడిపోతే సిల్టు ఎత్తమన్నారు. పార ఇచ్చారు, గ్లౌజులు లేవు. పాతవి చినిగి చాలా కాలమైంది. కార్మికులకు ఇవ్వాల్సిన సబ్బులు, కొబ్బరినూనె కూడా అడగ్గా అడగ్గా ఎప్పుడో ఇస్తారు. బురదలో సీసా పెంకు అరచేతిలో లోతుగా దిగింది. తోటివాళ్ళే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించారు. గాయం మానేదాకా చేయి తడపొద్దన్నాడు డాక్టరు.

ఇప్పుడు మేస్త్రి, "మెడికల్ లీవు పర్మినెంటోళ్ళకే, నువ్వు రాని రోజు ఆబ్సెంటే" అంటున్నాడు. ఈ నెల జీతంలో కోత పడింది. జీతం చీటీలో మాత్రం ఈఎస్‌ఐ అని నెలనెలా పట్టుకుంటున్నారు. అది దేనికి మరి? అమ్మ ఇంట్లో కూరగాయలు తరుగుతూ చేయి కోసుకోలేదు, ఊరి కాలువ ఎత్తుతూ కోసుకుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: రిటైర్డ్ శానిటరీ మేస్త్రి, నెల్లూరు

తల్లీ, మీ మేస్త్రి చెప్పింది తప్పు. ఇది లీవు విషయమే కాదు, పనిలో జరిగిన ప్రమాదం. ఈఎస్‌ఐ అంటే కార్మికుల ప్రభుత్వ బీమా. దానికి అమ్మ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం కడతారు. జబ్బు చేస్తే వచ్చే డబ్బు వేరు, అది జీతంలో 70 శాతం, దానికి ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉండాలి. డ్యూటీలో దెబ్బ తగిలితే సుమారు 90 శాతం ఇస్తారు, దానికి ఆ 78 రోజుల లెక్క లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ఈ రెండూ కలిపేసి చాలామందిని వెనక్కి పంపేస్తుంటారు.

చిక్కు ఎక్కడంటే, పెద్దాసుపత్రి ఓపీ చీటీ ఒక్కటే చాలదు. అది పట్టుకుని ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్ళి అక్కడి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. ఆఫీసువాళ్ళు ప్రమాద రిపోర్టు పంపాలి. నోటిమాటగా అడిగితే అది కదలదు. తేదీ, టైము, ఏ కాలువ, ఎవరు పంపారు, ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు అన్నీ రాసి కమిషనర్ పేరిట అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి. ఆ రోజు ముఖ హాజరు పడింది కదా, అమ్మ డ్యూటీలో ఉందనడానికి అదే సాక్ష్యం. ఆలస్యమైందని మానుకోవద్దు.

జవాబు: కార్మిక సంఘం, ఒంగోలు

అక్కా, అన్న చెప్పినట్టు చేయండి. ఆఫీసులో అర్జీ తీసుకోకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలో గ్రీవెన్స్‌కు ఇవ్వండి. గ్లౌజులు, బూట్లు ఇవ్వలేదన్న సంగతి అందులోనే రాయండి. ఇంకో మాట, రేపు మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే అమ్మను దిగనివ్వొద్దు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు ఏం చేసుకుంటాం? మనిషి ఇంటికి రావాలి.

జవాబు: గ్రీన్ అంబాసిడర్ (పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు), కనిగిరి వైపు

మా పంచాయతీలో మాకు ఈఎస్‌ఐ కూడా లేదు. చెత్త రిక్షా తొక్కుతూ పడితే ఎవరిని అడగాలి అన్నా?

రిటైర్డ్ శానిటరీ మేస్త్రి

ఈఎస్‌ఐ లేనిచోట పనిలో తగిలిన దెబ్బకు పరిహారం యజమానే ఇవ్వాలి తమ్ముడూ. 1923 నుంచీ ఉన్న నియమం ఇది. పంచాయతీకి రాసిచ్చి, మీ డివిజన్ లేబర్ ఆఫీసులో కూడా ఒక కాపీ ఇవ్వు.

కార్మికురాలి కూతురు

చాలా థ్యాంక్స్ పెద్దాయనా. అర్జీ నేనే రాస్తాను. కానీ అమ్మకు ఒకటే టెన్షన్, అడిగినందుకు పనిలోంచి తీసేస్తారేమోనని.

రిటైర్డ్ శానిటరీ మేస్త్రి

దెబ్బకు డబ్బు తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదు, శిక్షించకూడదు అని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోనే రాసి ఉండేది తల్లీ, 2025లో దాని బదులు కొత్త కోడ్ వచ్చింది. అందుకే ముందు డిస్పెన్సరీ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోండి, ఆ తర్వాతే మేస్త్రితో మాట్లాడండి. రేపు పొద్దున్నే వెళ్ళండి, ఈఎస్‌ఐ వాళ్ళిచ్చే పహచాన్ (గుర్తింపు) కార్డు, జీతం చీటీ మరిచిపోవద్దు.