నేను ఇంట్లో లేనప్పుడే పూస్తున్నాయి. ఎండాకాలం తోట ఇంతేనా?

డాబామీదిమొక్క:
అందరికీ నమస్కారం. డాబా మీద కుండీల్లో పూలూ కూరగాయలూ పెంచుతున్నాను. పొద్దున 8 కల్లా ఆఫీసుకి బయల్దేరితే మళ్ళీ ఇంటికొచ్చేది సాయంత్రం 6 దాటాకే. గడ్డిగులాబీలు నేను వెళ్ళేటప్పుడు ఇంకా ముడుచుకునే ఉంటాయి, వచ్చేసరికి మళ్ళీ ముడుచుకుపోతాయి. మధ్యాహ్నం మా అత్తయ్య ఫోటో తీసి పంపిస్తే చూసుకోవడమే.

కూరగాయల సంగతి అంతకన్నా అన్యాయం. బీరతీగ నిండా పూలే, పిందె ఒక్కటీ నిలవట్లేదు. చిటికెన వేలంత ఉండగానే పసుపెక్కి రాలిపోతోంది. టమాటా మొక్క ఏపుగా ఉంది, పూత మాత్రం కాడతో సహా ఊడి మట్టి మీద పడుతోంది. ఆదివారం తీరిగ్గా కోద్దామని బెండకాయలు వదిలేస్తే కత్తికి తెగనంత పీచు. ఒకరు మందు కొట్టమంటారు, ఇంకొకరు ఎరువెయ్యమంటారు. ఎండాకాలంలో తోటని చూసి ఆనందించడం అంటూ ఉందా, లేక వానలు పడేదాకా నీళ్ళు పోసి బతికించుకోవడమేనా?

ఆకుపచ్చగొడుగు:
టమాటాకి పైన 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండని ఆపే నీడవల) కట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీలైతే పక్కనుంచి కొట్టే ఎండకి వేళ్ళు ఉడికిపోతాయి. కుండీలన్నీ ఒకదాన్నొకటి ఆనించి పెట్టండి, పెద్దవి బయటివైపు. ఎరువు ఇప్పుడు మాత్రం వద్దు.

పాతపందిరి:
మందూ వద్దు, ఎరువూ వద్దు తల్లీ. నీ మొక్కలకి జబ్బేం లేదు. వాటి వేళలూ నీ వేళలూ కలవట్లేదు, అంతే. ఎవరైనా కొత్త మొక్క ఇస్తానంటే నేను మొదట అడిగేది అది ఎన్నింటికి పూస్తుందని. రంగూ వాసనా ఆ తర్వాత. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే లెక్క, మానేశాక కూడా అలవాటు పోలేదు.

గడ్డిగులాబీ ఎండ తగిలితే గానీ రేక విప్పదు. మబ్బు పట్టినా మొహం చూపించదు. అది మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్ళ పువ్వు, మీ అత్తయ్యగారికి వదిలెయ్. నువ్వు చంద్రకాంత వేసుకో. గింజలు మిరియాల్లా నల్లగా ముడతలు పడి ఉంటాయి, చూస్తే గుర్తుపడతావు. సాయంత్రం నాలుగైదు గంటలకి విచ్చుకోవడం మొదలుపెట్టి, రాత్రంతా ఉండి, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. అంటే నువ్వు ఇంట్లో ఉండే వేళంతా అదీ ఉంటుందన్నమాట. ఒకే మొక్క మీద రెండు రంగుల పూలు పూయొచ్చు, ఒక్కోసారి ఒకే పువ్వులో సగం పసుపు, సగం గులాబీ. అడుగున దుంప ఊరుతుంది కాబట్టి పైన ఎండి చచ్చినట్టు కనిపించినా మళ్ళీ చిగురేస్తుంది. గింజలూ దుంపా విషం, చంటిపిల్లలుంటే అందకుండా పెట్టు.

మల్లె ఉందో లేదో నువ్వు చెప్పలేదు. ఉంటే ఒక విడత పూత అవ్వగానే కొమ్మల కొసలు రెండు మూడు కణుపుల మేర కత్తిరించెయ్. మల్లె పూసేది కొత్త చిగురు మీదే. పాత కొమ్మని చూసి జాలిపడితే ఆకులే మిగులుతాయి. కొయ్యాల్సింది పువ్వుని కాదు, మొగ్గని. పచ్చదనం పూర్తిగా పోయి, మొదలు నుంచి కొసదాకా తెల్లబడి, బొద్దుగా అయిన మొగ్గే ఆ రాత్రికి విచ్చుకుంటుంది. ఇంకా ఆకుపచ్చ తేలుతున్నది తొందరపడి కోస్తే అలాగే వడిలిపోతుంది, వాసనా రాదు.

ఇక బీర. తీగ నిండా పూలన్నావు కదా, వాటిలో చాలావరకు మగపూలే. మొదట వచ్చేవీ అవే, గుత్తులు గుత్తులుగా వస్తాయి. ఆడపువ్వుకి వెనక బుల్లి బీరకాయ అప్పటికే ఉంటుంది. దానికి పుప్పొడి అందకపోతే పసుపెక్కి రాలిపోతుంది, నువ్వు చూస్తున్నది అదే. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. పై అంతస్తు డాబా మీదికి ఆ వేళ పురుగులు వస్తాయన్న నమ్మకం లేదు. నువ్వు మాత్రం వస్తావుగా! అప్పుడే విచ్చుకున్న మగపువ్వు ఒకటి కోసి, రేకలు వెనక్కి మడిచి, నడుమనున్న పసుపు పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దు. గట్టిగా రుద్దకు. అంటితే రెండు మూడు రోజుల్లో పిందె లావెక్కుతుంది. ఆనప తెల్లపూలకీ ఇదే వేళ. దోస, గుమ్మడి అలా కాదు, పొద్దున్నే పూస్తాయి. గుమ్మడైతే ఎండెక్కేసరికే మూసేసుకుంటుంది, నీకు వద్దు.

టమాటాకి నువ్వు చెయ్యగలిగింది తక్కువ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందికి దిగకపోతే పుప్పొడి చెడిపోతుంది, మొక్క పూతని వదిలేస్తుంది. నీడ కట్టి మొక్కని కాపాడుకో, చల్లబడ్డాక కాస్తుంది. ఇప్పటికే ఉన్న కాయలు రంగు తిరగడం మొదలవ్వగానే కోసి లోపల పెట్టు. 30 దాటిన వేడిలో కాయకి ఎరుపు సరిగ్గా పట్టదు, నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. గదిలో, నీడన పండితే రంగూ వస్తుంది, రుచీ ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు, చప్పబడిపోతాయి.

బెండకి ఆదివారం ఏమిటి, సోమవారం ఏమిటి? పువ్వు పొద్దున పూసి సాయంత్రానికి ముడుచుకుంటుంది, అక్కణ్ణుంచి ఐదారు రోజుల్లో కాయ కోతకొస్తుంది. రోజు విడిచి రోజు చూడాల్సిందే. కొస పట్టుకుని వంచితే టప్పున విరగాలి. విరక్కుండా వంగిందంటే ముదిరిపోయినట్టే. ముదిరినవాటిని మొక్కకే ఉంచకు. అలా వదిలేస్తే మొక్క గింజ తయారుచేసే పనిలో పడి కొత్త పూత తగ్గించేస్తుంది. బంతీ జినియా కూడా ఇంతే, వాడిన పువ్వుని ఎప్పటికప్పుడు తుంచేస్తేనే పక్క కొమ్మలకి మొగ్గలొస్తాయి. ఎండాకాలం తోటలో నీళ్ళు పోసే పని సగమైతే కోసే పని సగం. మనవాళ్ళు ఆ రెండోది పనే కాదనుకుంటారు.

ఆకుకూరల్లో పాలకూర, కొత్తిమీర ఎండకి ఇట్టే పూతకొచ్చేస్తాయి, వాటి జోలికి పోకు. తోటకూర, బచ్చలి వేడికి జంకవు. తెల్లవారుజామున ఆకు నీళ్ళు పట్టి పెళుసుగా ఉంటుంది, అప్పుడు కోసి తడిగుడ్డలో చుట్టి పెడితే సాయంత్రం దాకా వడలదు.

రేరాణి:
అన్నీ బాగా చెప్పారు గానీ, సాయంత్రం పూల జాబితాలో నా పేరు మొక్కనే వదిలేశారు. వాసనంటే అదీ!
నీళ్ళ విషయం ఎవరూ చెప్పలేదు. నేనైతే సాయంత్రమే పోస్తాను. ఆఫీసుకెళ్ళేవాళ్ళకి పొద్దున టైమెక్కడిది?

పాతపందిరి:
రేరాణి కావాలనే వదిలేశాను. కిటికీ కింద పెడితే రాత్రి ఆ వాసనకి కొందరికి తలనొప్పి. స్థలం ఉండి, గది నుంచి దూరంగా పెట్టుకోగలిగితే మంచిదే.

నీళ్ళు పొద్దున పోస్తేనే మేలు, పగటి ఎండకి మొక్క సిద్ధంగా ఉంటుంది. సాయంత్రమే కుదిరితే మొక్క మొదట్లో పొయ్యండి, ఆకులు తడపకండి. రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగులు వస్తుంది. ఇంకోటి, మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన నీళ్ళు లేవని కాదు. వేలు మట్టిలోకి రెండు కణుపులు దించి చూడండి. తడి తగిలితే ఊరుకోండి, చల్లబడ్డాక ఆకు అదే లేస్తుంది. మట్టి బాగా ఎండి కుండీ అంచుకీ దానికీ మధ్య సందు కనిపిస్తోందా? అప్పుడు పైనుంచి ఎంత పోసినా ఆ సందులోంచి జారి అడుగున కారిపోతుంది, లోపలి ముద్ద పొడిగానే ఉంటుంది. అలాంటి కుండీని నీళ్ళ తొట్లో దించి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచాలి. తర్వాత పైన ఎండుటాకులు రెండు అంగుళాల మందాన పరిస్తే మళ్ళీ అంత త్వరగా ఎండదు.

డాబామీదిమొక్క:
పిన్నిగారూ, మీది చదివాక ఇప్పుడే పైకెళ్ళి టార్చి వేసి చూశాను. బీరకి ఆడపువ్వు ఒక్కటంటే ఒక్కటి ఉంది, వెనక బుల్లి కాయతో! మీరు చెప్పినట్టే అద్దాను. మల్లె ఉంది, రేపు కత్తెర వేస్తాను.
రెండు సందేహాలు. కిందటిసారి ఆనపకాయ ఒకటి చేదుగా వచ్చింది, ఉడికిస్తే పోతుందా? ఒక పెద్ద తొట్టి ఖాళీగా ఉంది, అందులో ఆనప పెట్టనా, చంద్రకాంతా?

పాతపందిరి:
చేదు ఆనప ఉడికించినా పోదు, ఒంటికి హాని కూడా. కొసన చిన్న ముక్క కోసి నాలుకకి తగిలించి చూడు, చేదైతే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్. ఇందులో మొహమాటం వద్దు. దాని గింజలు కూడా దాచకు.

తొట్టిలో ఆనపే పెట్టు. దానికి లోతూ కావాలి, పందిరీ కావాలి. చంద్రకాంతకి మామూలు కుండీ చాలు, నాలుగు గింజలు వేసి బాగా లేచిన ఒక్కదాన్ని ఉంచు. కత్తెర మాత్రం రేపు అన్ని కొమ్మలకీ వెయ్యకు. మొగ్గ ఉన్న కొమ్మలు వదిలేసి, పూయడం అయిపోయినవే కత్తిరించు.