స్పార్క్ ప్లగ్గు అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది, బలం పెట్టి లాగొచ్చా?

ప్రశ్న (కాశీనగర్, గజపతి జిల్లా)

అన్నలకు నమస్కారం. మాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ మినీ ట్రక్కు, ఇంజన్ సీటు కింద ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి) ఎప్పుడు మార్చారో పాత ఓనరుకే గుర్తు లేదు. కూరగాయల లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది, అంటే సిలిండరు సరిగ్గా మండక ఇంజన్ కుదుపుతోంది. కొత్త ప్లగ్గులు తెచ్చి ఇంటి దగ్గరే మొదలుపెట్టాను. మూడు వచ్చేశాయి. నాలుగోది అర చుట్టు తిరిగి, కీచుమని ఆగిపోయింది. పానాకి పైపు తొడిగి లాగేయమని పక్కింటాయన అంటున్నారు. హెడ్ (సిలిండర్ల పైనుండే భాగం, ప్లగ్గులు బిగించేది అందులోనే) పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (పర్లాకిమిడి)

తమ్ముడూ, ముందు ఆ పైపు పక్కన పెట్టు. ప్లగ్గు పోతే కొత్తది దొరుకుతుంది. హెడ్ అల్యూమినియం, అందులో మర పోతే హెడ్ విప్పాల్సి రావచ్చు. మనం కాపాడుకోవాల్సింది ఆ మరనే.

అర చుట్టు తిరిగాక ఆగిందంటే కారణం చాలావరకు కార్బన్. ప్లగ్గు చివరి మరలు మంట వైపు ఉంటాయి కదా, ఏళ్ల తరబడి మసి అక్కడే గట్టిపడుతుంది. విప్పుతుంటే ఆ మసి కూడా మరలతో పాటు పైకి వచ్చి, హెడ్ మరల్లో ఇరుక్కుంటుంది. కీచుమన్న శబ్దం అదే. అప్పుడు ఇంకా విప్పే వైపే లాగితే మసి అల్యూమినియాన్ని గీరేస్తుంది. అందుకే వచ్చిన దారినే వెనక్కి, అంటే బిగించే వైపు, పావు చుట్టు తిప్పు.

తర్వాత ప్లగ్గు కూర్చునే గుంతలోకి పెనెట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న మరల్లోకి దిగే పల్చటి నూనె) కొద్దిగా కొట్టు. దానికంటే ముందు గుంతలో ఉన్న ఎర్రమట్టి, ఇసుక గాలితో ఊదేయాలి. మన రోడ్ల దుమ్ము సంగతి నీకు చెప్పక్కర్లేదు. పంచర్ షాపు కంప్రెసర్ అయితే మంచిది. లేదంటే సైకిల్ పంపుకి సన్న పైపు పెట్టి ఊదు, కళ్లు జాగ్రత్త. విప్పిన మూడు గుంతల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచు, ఊదిన మట్టి వాటిలో పడితే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి.

ఆయిల్ వేశాక తొందరపడకు. గంటో రెండు గంటలో నానితే మంచిది, రాత్రంతా నానితే ఇంకా మంచిది. ఆ తర్వాత కొద్దిగా విప్పు, బరువు తగలగానే వెనక్కి బిగించు, మళ్లీ ఇంకొంచెం విప్పు. చేతికి మెత్తగా తిరుగుతున్నంతసేపే ముందుకు వెళ్లు. పానా సాకెట్ ఏటవాలుగా ఉంటే ప్లగ్గు పింగాణీ పగులుతుంది, ఎక్స్‌టెన్షన్ రాడ్ నిటారుగా ఉందో లేదో ఒక చేత్తో పట్టుకుని చూసుకో.

ఇంకో మాట (రాయగడ)

ఇంజన్ బాగా కాలినప్పుడు విప్పితే సులువని మా వైపు కొందరు అంటారు. నిజమేనా? ప్లగ్గు రెండు ముక్కలై సగం లోపలే ఉండిపోయిన వీడియోలు కూడా చూశాను. ఈ బండికీ ఆ ప్రమాదం ఉందా?

జవాబు (పర్లాకిమిడి)

బాగా కాలిన ఇంజన్ మీద మాత్రం వద్దు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు కాస్త సడలే మాట నిజమే. కానీ వేడి అల్యూమినియం మెత్తబడి త్వరగా చిరుగుతుంది. ముందు చల్లారిన ఇంజన్ మీదే ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే ప్లగ్గులన్నీ బిగించి, కాసేపు నడిపి, హెడ్ మీద చెయ్యి పెట్టి ఉంచగలిగేంత గోరువెచ్చగా ఉన్నప్పుడు చూడాలి. సగం విప్పిన ప్లగ్గుతో మాత్రం ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

ఆ వీడియోలు ఎక్కువగా అమెరికాలోని ఫోర్డ్ 5.4 లీటర్ల, మూడు వాల్వుల ట్రక్ ఇంజన్‌వి. దానికి మొదట్లో వచ్చిన ప్లగ్గులకు కింది భాగం విడి ముక్క, అది మసికి అతుక్కుని విరిగేది. మన మినీ ట్రక్కుల్లో వాడేవి అలాంటివి కావు. నెమ్మదిగా విప్పే పద్ధతి మాత్రం దేనికైనా ఒకటే.

మళ్లీ కాశీనగర్ నుంచి

అన్నా, వచ్చేసింది! రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ముందుకీ వెనక్కీ ఆడిస్తే మెల్లగా వచ్చింది. మరలు నల్లగా ఉన్నాయి గానీ అల్యూమినియం పొట్టేమీ లేదు. కానీ ప్లగ్గు పైభాగం, కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) రబ్బరు నూనెతో తడిసి ఉన్నాయి. నేను కొట్టిన ఆయిల్ కంటే చాలా ఎక్కువ. కొనమీద మాత్రం పొడిగానే ఉంది.

జవాబు (పర్లాకిమిడి)

పొట్టు లేదంటే మర బతికింది, చాలా సంతోషం. కొన పొడిగా ఉండి పైన తడి ఉంటే పిస్టన్ రింగుల దోషం కాదు. ప్లగ్గు గుంత చుట్టూ ఉండే సీలు గట్టిపడి, హెడ్ పైనుండే ట్యాపెట్ కవర్ లోపలి ఇంజన్ ఆయిల్ కారుతోంది. మిస్సింగ్‌కి అదీ కారణం కావచ్చు, నూనెకు కాయిల్ రబ్బరు పాడై కరెంటు బయటికి కొడుతుంది. సీళ్లు, కవర్ గ్యాస్కెట్ మార్చు, రబ్బరు ఉబ్బి ఉంటే అదీ మార్చు.

బిగించే ముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసి, కాయిల్ కనెక్షన్లన్నీ విప్పి, నాలుగు గుంతల్లో గుడ్డలూ తీసేసి, రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టు. లోపలికి దిగిన ఆయిల్ బయటికి చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

కొత్త ప్లగ్గు తలకి జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి దానితోనే తిప్పు. మర వంకరగా పడితే పైపు జారిపోతుంది గానీ హెడ్ పాడవదు. చేతికి ఆగాక సాకెట్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. వాషరున్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకి ఈ లెక్క, బిగింపు బలం చూపే టార్క్ రెంచ్ ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు రాయకు. రాస్తే అదే బలానికి ఎక్కువ బిగుస్తుంది. ప్లగ్గు కొన దగ్గర రవ్వ దూకే గ్యాప్ ఎంతో బండి పుస్తకంలో చూసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) సరిచూసుకున్నాకే పెట్టు.