మాడ్యులర్ అల్మారా మళ్లీ బిగిస్తే తలుపులు కలవట్లేదు, ఏం చేయాలి?

కొత్తిల్లు:
పొద్దున్నుంచి దీనితోనే కుస్తీ. పడకగదిలో బట్టలకు వాడిన మాడ్యులర్ యూనిట్లని ఇల్లు మారాక హాల్లో పుస్తకాలకు వాడదామని మళ్లీ బిగించాను. అంతా మాన్యువల్ ప్రకారమే. అయినా రెండు తలుపులు మధ్యలో కలవట్లేదు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటున్నాయి. కీళ్ల స్క్రూలు తిప్పి తిప్పి వేళ్లు బొబ్బలెక్కాయి. పక్క యూనిట్‌తో కలిపే బోల్టు రంధ్రాలు కూడా ఎదురుబొదురుగా రావట్లేదు. పాత ఇంట్లో ఇవే తలుపులు, ఇవే కీళ్లు, ఏ గొడవా లేదు. ఏ గదిలోనైనా ఇమిడిపోతాయనే కదా ఇవి కొన్నది! కీళ్లు మార్చాలా? ఎవరైనా త్వరగా చెప్పండి, సామానంతా నేల మీదే ఉంది.

రసమట్టం:
వెనక షీటు బిగించారా?

ప్లైవుడ్ పక్షం:
కీళ్లూ షీట్లూ తర్వాత అండి, ముందు అది ఏ బోర్డో చెప్పండి. పార్టికల్ బోర్డ్ అయితే అసలు జబ్బు అక్కడే ఉంది. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డులో స్క్రూ ఒకసారి ఊడదీస్తే రంధ్రం వదులవుతుంది, రెండోసారి పట్టు తగ్గుతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి వేస్తారు కాబట్టి స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది. ఇల్లు మారేవాళ్లు మొదటే ప్లైవుడ్ తీసుకోవాలని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. ఇప్పుడు చేయగలిగింది ఒక్కటే: వదులైన రంధ్రంలో చెక్క జిగురు పూసిన చిన్న చెక్క పుల్లలు దిగ్గొట్టి, పూర్తిగా ఆరాక మళ్లీ సన్నగా డ్రిల్ చేసి స్క్రూ వేయడం.

కొత్తిల్లు:
పార్టికల్ బోర్డే. కానీ స్క్రూలు గట్టిగానే ఉన్నాయి సర్, తలుపు ఊగట్లేదు. కలవట్లేదంతే.

గోడపట్టీ:
క్షమించాలి, కానీ దీన్ని మాడ్యులర్ అనడమే నాకు నచ్చదు. ఇది విడదీసి బిగించుకునే పెట్టె, అంతే. 1960లో జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ గీసిన 606 షెల్వింగ్ చూడండి. గోడకు అల్యూమినియం పట్టీలు బిగించి, అరలను పిన్నులతో వాటికి తగిలిస్తారు. అర పైకి కావాలన్నా, పక్కకి కావాలన్నా స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. అది ఇప్పటికీ తయారవుతోంది. మాడ్యులర్ అంటే అదీ.

ప్లైవుడ్ పక్షం:
అన్ని గోడలూ ఆ బరువు మోయవు కదండీ. అద్దె ఇంట్లో గోడకు చిల్లు పెట్టనివ్వకపోతే? నేల మీద నిలబడేది కూడా మాడ్యులరే. పక్క పలకల్లో వరసగా ఉండే చిల్లులు చూశారా? 5 మి.మీ. రంధ్రం, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 32 మి.మీ., ముందు అంచు నుంచి 37 మి.మీ. లోపలికి. ఆ లెక్క పాటించిన పెట్టెలో అరలు, కీళ్లు, సొరుగు పట్టాలు అవే చిల్లుల్లో చోటు మార్చుకుంటాయి. మీ పట్టీల పనే అది కూడా చేస్తుంది.

గోడపట్టీ:
పట్టీలో అర మార్చడానికి సొరుగు ఖాళీ చేయక్కర్లేదు. తేడా అక్కడుంది.

రసమట్టం:
కొత్తిల్లు గారూ, షీటు సంగతి చెప్పలేదు.

కొత్తిల్లు:
అది పెట్టలేదండి. వెనక గోడకు ప్లగ్ పాయింట్ ఉంది, షీటు అడ్డొస్తుంది. అయినా 3 మి.మీ. అట్టలాంటిది, అది బరువేం మోస్తుంది? పెట్టె నాలుగు మూలలా గట్టిగానే నిలబడింది.

రసమట్టం:
బరువు మోయడానికి కాదు, పెట్టె పక్కకు ఒరగకుండా పట్టి ఉంచడానికే ఆ షీటు. నాలుగు పలకల్ని మూలల్లో ఎంత బిగించినా ఆ చట్రం పక్కకు జారుతుంది. వెనక షీటు చుట్టూరా దిగితేనే కదలకుండా నిలుస్తుంది. ఎడమ తలుపు కిందికి, కుడిది పైకి ఉందా? పెట్టె వెడల్పు, ఎత్తు ఎంత? మూల నుంచి మూలకి రెండు కొలతలూ టేపుతో తీసి చెప్పండి.

కొత్తిల్లు:
అవును, ఎడమది కిందికి, ఎలా చెప్పారు! వెడల్పు 80 సెం.మీ., ఎత్తు 2 మీటర్లు. మూల కొలతలు 2157, 2150 మి.మీ.

రసమట్టం:
మూలమట్టం తప్పింది. ఆ రెండూ సమానంగా, 2154 దగ్గర ఉండాలి. 7 మి.మీ. తేడా అంటే పైభాగం కుడివైపు సుమారు 1 సెం.మీ. ఒరిగింది. పక్క పలకతో పాటు తలుపూ ఒరుగుతుంది, 40 సెం.మీ. తలుపు కొస 2 మి.మీ. కదులుతుంది. ఎడమది 2 కిందికి, కుడిది 2 పైకి, మధ్యలో 4 మి.మీ. మెట్టు. కీళ్ల స్క్రూలతో దాన్ని సరిచేయబోతే ఇంకోచోట సందు తేలుతుంది. కీళ్లను మళ్లీ మధ్యకు తెచ్చేయండి. ఇంకొకరి సాయంతో పెట్టెను బోర్లా పడుకోబెట్టి, రెండు మూల కొలతలూ ఒకటయ్యేదాకా నెట్టి, అప్పుడు షీటు బిగించండి. ప్లగ్ ఉన్నంత మేర చిన్న కిటికీ కోయండి, అంచుల దగ్గర మాత్రం కోయొద్దు. తర్వాత నిలబెట్టి, రసమట్టం పెట్టి కాళ్ల స్క్రూలు సర్దండి. పక్క యూనిట్ బోల్టులు ఆ తర్వాతే.

ప్లైవుడ్ పక్షం:
ఇంకో మాట. బట్టల అరలో పుస్తకాలు పెడితే మీటరుకి సుమారు 20 నుంచి 30 కిలోలు. అదే బరువుకి అర పొడవు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది. పుస్తకాలతో నింపితే బరువూ రెట్టింపే కాబట్టి పదహారు రెట్లు. 80 సెం.మీ. అర మధ్యలో ఒక నిలువు పలక పెట్టండి. ప్లైవుడ్ అయితే ఇంత చెప్పనక్కర్లేదు.

గోడపట్టీ:
2 మీటర్ల పెట్టెను గోడకు పట్టీతో కట్టకుండా వదలకండి, పిల్లలు సొరుగులు లాగి ఎక్కుతారు, మీద పడుతుంది. ప్లగ్ పాయింట్‌కి నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్ చేయొద్దు, గోడలో వైర్లు ఎక్కువగా అలాగే వెళ్తాయి.

కొత్తిల్లు:
షీటు పెట్టాను. తలుపులు కలిశాయి, కీళ్లు మధ్యకు తెచ్చాక మళ్లీ ముట్టుకోనే లేదు. పక్క యూనిట్‌ది ఒక రంధ్రం పడింది, రెండోది ఇంకా లేదు, రేపు చూస్తా. థాంక్స్ అండి.

రసమట్టం:
ఆ పక్కది కూడా షీటు లేకుండానే ఉందా?