వందమందికి ఇరవై రొట్టెలు: ఇందులో అద్భుతమెక్కడ?

ప్రశ్న: బైబిల్లో రెండవ రాజులు 4:42–44 చదువుతుంటే ఒక డౌటు వచ్చింది. ఎలీషా ప్రవక్త ఇరవై యవల (బార్లీ) రొట్టెలు వందమంది మనుషులకు పెట్టిస్తాడు. అంటే రొట్టెకు ఐదుగురు. కడుపు నిండకపోవచ్చు గానీ దీన్ని అద్భుతం అనాలా? యేసు ఐదు రొట్టెలు ఐదువేలమందికి పెట్టిన కథకు ఇదే మూలం అంటారు కదా, రెండూ ఒకే తూకంలో ఉన్నట్టు లేవే!

జవాబు: మీ డౌటు పాతదేనండీ, తాల్ముద్ (యూదుల పాత ధర్మగ్రంథం) పండితులకూ వచ్చింది. కరువు కాలంలో వందమందికి అన్ని రొట్టెలంటే బాగానే ఉన్నట్టు కదా అనుకున్నారు. అందుకని ఒక్కో రొట్టెకూ వందమంది అని అర్థం చెప్పారు. ఇరవై రొట్టెలు, ఆ వచనంలోనే ఉన్న ప్రథమ ఫలాల (తొలి పంట) రొట్టె ఒకటి, కొత్త వెన్నులది ఒకటి కలిపి 22. మొత్తం 2,200 మంది శిష్యులు! తాల్ముద్‌లో కెతుబోత్ అనే భాగం, 106లో ఉంది. లెక్క భలేగా ఉంది గానీ, నా దృష్టిలో అంత అవసరం లేదు. అప్పటి రొట్టెలు చిన్నవి. లూకా 11:5లో ఒకడు అర్ధరాత్రి వచ్చిన ఒక్క స్నేహితుడి కోసం మూడు రొట్టెలు బదులు అడుగుతాడు. ఆ లెక్కన రొట్టెకు ఐదుగురంటే మనిషికి ఒక ముక్క.

అసలు పోలిక అంకెల్లో కాదు, కథ నడకలో ఉంది. ఎలీషా పెట్టమంటాడు. వందమందికి ఇదెలా పెట్టేదని పనివాడు అడ్డం చెబుతాడు. ఎలీషా మళ్లీ అదే మాట అంటాడు. తింటారు, మిగులుతుంది. మార్కు 6లోనూ ఇదే వరుస: యేసు మీరే పెట్టండి అంటే, రెండువందల దేనారాల (అప్పటి వెండి నాణేలు) రొట్టెలు కొనుక్కురమ్మంటారా అని శిష్యులు అడుగుతారు. చివరికి పన్నెండు గంపలు మిగులుతాయి. నాలుగు సువార్తల్లో యవల రొట్టెలని చెప్పింది యోహాను ఒక్కడే. అక్కడ అంద్రెయ అనే శిష్యుడు ‘ఇంతమందికి ఇవి ఏమాత్రము’ అంటాడు. వింటే ఎలీషా పనివాడే మాట్లాడినట్టుంటుంది. యవలంటే మనం జ్వరమొస్తే జావ కాచుకునే బార్లీయే. అక్కడ మాత్రం పేదల తిండి. రెండవ రాజులు 7:1లో ఒక షెకెలుకు (అప్పటి వెండి తూకం) సన్నపిండి ఒక కొలత, యవలు రెండు కొలతలు, అంటే యవలది సగం ధరే.

తేడా కూడా చూడాలి. ఎలీషా యెహోవా మాట చెప్పి పెట్టిస్తాడు. యేసు ఆ మాట ఎత్తడు, కృతజ్ఞతలు చెప్పి పంచేస్తాడు. యోహాను 6లో జనం ‘రావలసిన ప్రవక్త ఈయనే’ అంటారు. మర్నాడు మన్నా (మోషే కాలంలో ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం) ప్రస్తావన వస్తుంది. అంటే యోహాను చూపు ఎలీషా దగ్గర ఆగలేదు, మోషే దాకా వెళ్లింది. మన్నా తెల్లారేదాకా మిగిల్చుకుంటే పురుగు పట్టేది. ఇక్కడ మిగిలినదాన్ని ఏదీ పోకుండా ఎత్తమని యేసే చెబుతాడు.

ప్రశ్న: మరి అందరూ దాచుకున్న తిండి బయటికి తీసి పంచుకున్నారనే వివరణ?

జవాబు: అది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జర్మనీలో పౌలుస్ అనే పండితుడు చెప్పినది. 1835లో స్ట్రౌస్ అనే మరో జర్మన్ పండితుడు దాన్ని కొట్టేసి, ఎలీషా, మోషే కథల నుంచే ఇది అల్లుకుందన్నాడు. స్ట్రౌస్ తీర్పు మీరు ఒప్పుకోకపోయినా, వచనాన్ని మాత్రం ఆయనే సరిగ్గా చదివాడు. దాచుకున్న మూటల ఊసు నాలుగు సువార్తల్లోనూ లేదు. పైగా మార్కు 6:52లో, రొట్టెల సంగతి శిష్యులకు అర్థం కాలేదని ఉంది. పంచుకు తినడమే అయితే అర్థం కాకపోవడానికి అందులో ఏముంది?