ఆల్ఫ్రెడ్ రాజు భార్య ఈల్‌స్విత్ పుట్టింటివాళ్లు ఎవరు?

కొత్తచూపు:
నాలుగు రోజులుగా ఇదే పిచ్చి పట్టుకుంది నాకు. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని వెస్సెక్స్ రాజ్యాన్ని ఏలిన ఆల్ఫ్రెడ్ భార్య పుట్టింటి వంశవృక్షం గీద్దామని కూర్చున్నా. నేను చూసిన రెండు మూడు సైట్లు ఆవిడని పక్క రాజ్యమైన మెర్సియా రాజు కోయెన్‌వుల్ఫ్ వంశానికి సూటిగా కలిపేసి, మధ్యలో ప్రతి తరానికీ పేరు, పుట్టిన ఏడు కూడా పెట్టేశాయి. అనుమానమొచ్చి, ఆ రాజు కాలంలోనే ఆసర్ అనే మతగురువు రాసిన ఆల్ఫ్రెడ్ చరిత్ర తీస్తే 868లో పెళ్లయిందని ఉంది, మామగారి పేరుంది, అత్తగారి పేరుంది, పెళ్లికూతురి పేరు మాత్రం లేదు! మరి ఈల్‌స్విత్ అన్న పేరు ఎక్కడినుంచి వచ్చినట్టు? ఆ కోయెన్‌వుల్ఫ్ లింకు నిజమేనా?

పాతకాగితాలు:
మీరు చూసింది కరెక్టే. ఆసర్ అంతా చెప్పి పేరు ఎగ్గొట్టాడు. తండ్రి ఎథెల్రెడ్, 'ముకిల్' అని పిలిచేవారట, గెయినీ అనే జనానికి ఈల్డర్‌మన్, అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని చూసే పెద్ద. తల్లి ఎడ్‌బర్గ్, మెర్సియా రాజవంశం. ఇక ఆల్ఫ్రెడ్ వీలునామాలో దీనికి రివర్సు. లాంబోర్న్, వాంటేజ్, ఎడింగ్టన్ ఈల్‌స్విత్‌కి అని ఉంటుంది, 'నా భార్య' అన్న మాటే ఉండదు. ఒకచోట బంధుత్వం ఉండి పేరు లేదు, ఇంకోచోట పేరుండి బంధుత్వం లేదు. రెండూ అతికేది ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ అనే ఏటివారీ పాత చరిత్రలో ఒక్క వాక్యం: ఎథెల్‌వుల్ఫ్ అనే ఈల్డర్‌మన్ పోయాడు, ఎడ్వర్డ్ రాజు తల్లి ఈల్‌స్విత్‌కి తోబుట్టువు, అని. ఎడ్వర్డ్ ఆల్ఫ్రెడ్ కొడుకు కాబట్టి లెక్క సరిపోయింది. అన్నో తమ్ముడో మాత్రం చెప్పలేదు, కాబట్టి మీ చెట్టులో 'తమ్ముడు' అని రాసేయకండి.

ఇంకో మాట. అదే ఆసర్ పుస్తకంలో ఇంకో ఎడ్‌బర్గ్ ఉంది, మెర్సియా రాజు ఒఫ్ఫా కూతురు, తన భర్త, వెస్సెక్స్ రాజు బెయోర్ట్రిక్‌ని విషంతో చంపినావిడ. ఆవిడ పుణ్యమా అనే వెస్సెక్స్‌లో రాజు భార్యని రాణి అననివ్వరని ఆసర్ అంటాడు. ఈవిడా అత్తగారూ వేరు వేరు, కలిపేయకండి.

హద్దురాయి:
కోయెన్‌వుల్ఫ్ సంగతి నేను చెప్తా. లింకు ఉండొచ్చు, కానీ మీరు చూసిన తరాలు, తేదీలు మాత్రం ఎవరో అల్లినవే. ఆధారమల్లా 897 నాటి ఒక ఒప్పందం. వూస్టర్ బిషప్ ఒకవైపు, ఎథెల్‌వుల్ఫ్ అనే ఈల్డర్‌మన్ ఇంకోవైపు, మధ్యలో వించ్‌కూంబ్ మఠం, కోయెన్‌వుల్ఫ్ వారసత్వపు ఆస్తి. వించ్‌కూంబ్ ఆ రాజుగారి సొంత కుటుంబ మఠం, ఆయన పోయింది 821లో. మరి ఈ ఎథెల్‌వుల్ఫ్, ఈల్‌స్విత్ తోబుట్టువు ఒకరే అనుకుంటే, ఆ ఆస్తిలో ఇతనికేం పని? తల్లివైపు హక్కు అయ్యుండాలి, ఎందుకంటే రాజవంశం అని ఆసర్ చెప్పింది తల్లి గురించే కదా. ఇది ఊహే, కానీ పొలం తగాదాలోంచి పుట్టిన ఊహ, పేరు పోలికలోంచి కాదు. గెయినీని గెయిన్స్‌బరో అనే ఊరికి ముడిపెట్టేవాళ్లది అచ్చంగా పేరు పోలికే.

తండ్రివైపు ఇంకా చిక్కు. ముకెల్ (ముకిల్ అన్నా ఇదే) అంటే 'పెద్ద' అని అర్థం, మన ఊళ్లలో పెదబాబు అన్నట్టు. మెర్సియా రాజుల భూమి పట్టాల్లో సాక్షిగా ఆ పేరు చాలాసార్లు వస్తుంది, అన్నీ ఒక్కడివే అనలేం. 868లోనే వెస్సెక్స్ పట్టా ఒకదానిలో కూడా ఉంది. అది పెళ్లి జరిగిన ఏడు, పైగా నాటింగ్‌హామ్‌లో దిగిన వైకింగ్‌ల మీదికి రెండు రాజ్యాలూ కలిసి వెళ్లిన ఏడు, కాబట్టి ఆ ముకెల్ మన మామగారే అయ్యుండొచ్చని నాకనిపిస్తుంది.

కొత్తచూపు:
థాంక్స్ అండి ఇద్దరికీ. తల్లిదండ్రులకీ తోబుట్టువుకీ గట్టి గీత, కోయెన్‌వుల్ఫ్‌కి చుక్కల గీత పెడతా, మధ్య తరాలు ఖాళీ. ఆవిడ గురించి నేరుగా ఇంకేమైనా మిగిలిందా?

పాతకాగితాలు:
ఉంది, నాకు చాలా ఇష్టమైనది. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఒక పాత ప్రార్థనల పుస్తకంలో, వించెస్టర్‌లో ఈల్‌స్విత్‌కున్న స్థలం హద్దులు ఎవరో రాసిపెట్టారు. ఏరు దాటే రేవు దగ్గర మొదలై పడమటి చివరనున్న నీటిమర మీదుగా సాగుతాయి, అచ్చం మన దస్తావేజులో తూర్పు ఫలానా, పడమర ఫలానా అన్నట్టే. ఆవిడ 902లో పోయింది. ఆ ఊళ్లోనే ఆవిడ పెట్టిన సన్యాసినుల మఠం తర్వాత శతాబ్దాలు నడిచింది.