కుక్క ఉగ్గాని తినేసింది, అందులో ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) ఉన్నాయి. అర్జెంట్!

అడిగినవారు (కర్నూలు): ముగ్గురికని చేసిన ఉగ్గాని గిన్నె స్టూలు మీద పెట్టి బజ్జీలు వేయడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా చిట్టి సగానికి పైగా తినేసింది. మూడు పెద్ద ఎర్రగడ్డలు తరిగి వేశాను (మార్కెట్ యార్డులో ధర పడిపోయిందని మా ఆయన బస్తా దించారు, ఇక ఇంట్లో అన్నిట్లోనూ అవే). చిట్టి బరువు 8 కిలోలు. గంటైంది, హుషారుగానే తోక ఊపుతోంది. మా అత్తమ్మ ఉప్పునీళ్లు పోసి కక్కించమంటోంది. పోయాలా?

జవాబు 1: ఏం కాదులే అక్కా. మా వీధి కుక్కలు ఏదంటే అది తింటాయి. కాసిన్ని పాలు పోయండి.

జవాబు 2: అక్కా, తమ్ముడి మాట వినకండి. ఎర్రగడ్డతో చిక్కే అది, మొదటి రోజు ఏమీ కనబడదు. రక్తంలోని ఎర్రకణాలు మెల్లగా దెబ్బతిని పగిలిపోతాయి, నీరసం బయటపడేది మామూలుగా మూడు నుంచి ఐదు రోజులకు. నూనెలో వేయించినా ఆ గుణం పోదు. తెల్లగడ్డ (వెల్లుల్లి) అయితే ఇంకా ఘాటు.

కుక్క బరువు కిలోకు 15 నుంచి 30 గ్రాములు తింటే రక్తంలో తేడా వస్తుంది. మీ చిట్టికి 120 గ్రాములు చాలు. మీరు చెప్పినదాన్ని బట్టి కనీసం ఒకటిన్నర గడ్డ లోపలికి పోయింది.

ఉప్పునీళ్లు మాత్రం పోయొద్దు. ఒంట్లో సోడియం పెరిగిపోయి ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు. పాలు విరుగుడు కాదు. తిన్న రెండు గంటల లోపు అయితే డాక్టర్ ఇంజెక్షన్ వేసి కక్కిస్తారు. ఫోన్ పక్కన పెట్టి ఆటో ఎక్కండి. బరువెంత, ఎప్పుడు తింది, ఎన్ని గడ్డలు, ఈ మూడూ ఆయనకు చెప్పండి.

అడిగినవారు: వెళ్లొచ్చాం. సూది వేసిన కాసేపటికే పసుపు పచ్చని బొరుగులు, మధ్యలో నమలని ఎర్రగడ్డ ముక్కలు పడ్డాయి. తర్వాత బొగ్గు మందు తాగించారు, మూతంతా నల్లగా అయింది. నాలుగో రోజు రక్తపరీక్షకు రమ్మన్నారు. అంతవరకు ఇంట్లో ఏం చూడాలి?

జవాబు 2: పొద్దున, సాయంత్రం పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. పాలిపోయి ఉన్నా, మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, ఊరికే పడుకుని ఎగశ్వాస తీస్తున్నా నాలుగో రోజుదాకా ఆగొద్దు.

జవాబు 3 (అనంతపురం): మాకు ద్రాక్ష తోట ఉంది, రాలిన పళ్లను కుక్క ఏరుకుని తింటుంది. అది కూడా ప్రమాదమేనా?

జవాబు 2: అన్నా, అది ఇంకా మోసం. కిడ్నీలు దెబ్బతింటాయి, ఎన్ని పళ్లకు అనే లెక్క కూడా ఉండదు. కిస్‌మిస్‌కూ అంతే. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణమని 2021 నుంచి పశువైద్యులు అనుకుంటున్నారు. చింతపండులోనూ అదే ఉంది, పులుసన్నం పెట్టేవాళ్లు చూసుకోండి. కుక్కను తోటలోకి వదలొద్దు.

అడిగినవారు: నాలుగో రోజు పరీక్షలో రక్తం కొంచెం తగ్గిందన్నారు, ఎక్కించేంత కాదట. వారం తర్వాత మళ్లీ చూస్తారు. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. స్టూలు అటక మీదికి పోయింది.